హైవే మైలేజ్ కోసం చిన్న ఎస్‌యూవీకి ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

చిన్న ఎస్‌యూవీ నడిపేవాళ్లకు ఊళ్లో తిరిగినంతసేపు మైలేజ్ గురించి పెద్దగా బెంగ ఉండదు. హైవే ఎక్కాకే మనసు చివుక్కుమంటుంది. అదే ఇంజిన్ ఉన్న చిన్న కారు పక్కనుంచి హాయిగా వెళ్తుంటుంది, మన బండి మాత్రం చూస్తుండగానే ట్యాంకు ఖాళీ చేస్తుంటుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. టైర్లు మార్చమని ఒకరు, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించమని ఒకరు, ముందు గ్రిల్ మూసెయ్యమని ఒకరు, స్ప్రింగులు మార్చి బండి ఎత్తు తగ్గించమని ఇంకొకరు చెబుతారు. అన్నీ కొంత నిజమే అనిపిస్తాయి. వీటిలో దేనికి ఎంత ఫలితం ఉంటుందో, దేనికి ఎంత నష్టం ఉంటుందో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎంచుకోవడం కష్టం. నా సొంత బండి మీద కొన్ని చేసి, కొన్ని చేసి తీసేసి, కొన్ని లెక్క వేసుకుని మానేశాను. ఆ క్రమంలో తేలిన విషయాలే ఇవి.

ఇంధనం ఎక్కడికి పోతోంది

ముందు ఈ ఒక్క లెక్క చూడండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది. 1400 కిలోల బరువున్న ఒక మామూలు చిన్న ఎస్‌యూవీని తీసుకుందాం. దాని గాలి నిరోధక గుణకం (ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.35 అనీ, ముందు నుంచి చూస్తే గాలికి అడ్డుపడే వైశాల్యం 2.5 చదరపు మీటర్లు అనీ అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి ఆ బండిని వెనక్కి నెట్టే బలం సుమారు 40 కిలోల బరువుతో సమానం. టైర్లు రోడ్డు మీద దొర్లుతూ లాగే బలం 14 కిలోల దాకా ఉంటుంది. అంటే నాలుగింట మూడు వంతులు గాలిదే.

వేగం మారితే టైర్ల వాటా పెద్దగా మారదు. గాలి వాటా మాత్రం వేగం వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 80లో 26 కిలోలు ఉన్నది 120కి వచ్చేసరికి దాదాపు 59 కిలోలు అవుతుంది. ఎస్‌యూవీ ఎత్తుగా, వెనక నిటారుగా ఉంటుంది కాబట్టి చిన్న కారు కన్నా ఈ దెబ్బ దానికే ఎక్కువ తగులుతుంది. హైవే మైలేజ్ కోసం ఏం చేసినా అది గాలికి సంబంధించినదై ఉండాలి, లేదా టైర్లకు సంబంధించినదై ఉండాలి. ఈ రెండింటి జోలికి వెళ్లని మార్పు గురించి ఎవరైనా గొప్పగా చెబితే కాస్త ఆగి ఆలోచించండి.

ఒక జాగ్రత్త. ఈ బలం 10 శాతం తగ్గితే ఇంధనం కూడా సరిగ్గా 10 శాతం తగ్గుతుందని అనుకోకూడదు. ఇంజిన్ లోపలి రాపిడికీ, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కీ, ఏసీకీ పోయేది అలాగే పోతూ ఉంటుంది. అందుకని ఆదా ఎప్పుడూ ఆ లెక్క కన్నా కొంచెం తక్కువే వస్తుంది.

విప్పడంతో మొదలుపెట్టండి

ఏం బిగించాలా అని అడిగేవాళ్లను నేను ముందు పైకి చూడమంటాను. పైన లగేజీ క్యారియర్ గానీ, అడ్డకడ్డీలు గానీ ఉన్నాయా? చాలా బండ్ల మీద ఎప్పుడో ఒక ప్రయాణానికి బిగించినవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. అమెరికా ప్రభుత్వం ఇంధన పొదుపు మీద ఇచ్చే సమాచారం ప్రకారం, ముందు భాగం మొద్దుగా ఉండే పెద్ద పెట్టె కప్పు మీద ఉంటే హైవే మీద 6 నుంచి 17 శాతం, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం దాకా మైలేజ్ పడిపోతుంది. అసలే ఎత్తుగా ఉన్న బండి మీద పెట్టె పెట్టడమంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. అదే సామాను బండి వెనక బిగించే ట్రేలో పెడితే హైవే మీద నష్టం 1 నుంచి 5 శాతమే.

ఖాళీ అడ్డకడ్డీలతో పోయేది దీనికన్నా తక్కువే, కానీ పోవడం మాత్రం పోతుంది. నా బండికి 90 దాటగానే తల మీద సన్నగా ఊళ వేసినట్టు ఒక శబ్దం వచ్చేది. తలుపు రబ్బరు పాడైందేమో అనుకుని చాలాకాలం తలుపుల చుట్టూ తడుముతూ ఉన్నాను. ఒకరోజు కడ్డీలు విప్పి ప్రయాణం చేస్తే ఆ శబ్దం లేనే లేదు. గాలి ఊళ వేస్తోందంటే అక్కడ సుడులు తిరుగుతోందని అర్థం, ఆ సుడులు తిప్పే శక్తి మన ట్యాంకులోదే. విప్పడానికి పట్టేది పావుగంట, మళ్లీ కావలసినప్పుడు బిగించుకోవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పని చేయకుండా వేరే ఏ మార్పు గురించి ఆలోచించినా అర్థం లేదు.

ఇలాగే కింద కూడా ఒకసారి వంగి చూడండి. ఇంజిన్ అడుగున ఉండే ప్లాస్టిక్ షీటు, ముందు టైర్లకు ఎదురుగా వేలాడే చిన్న రబ్బరు పలకలు ఫ్యాక్టరీలో ఊరికే పెట్టినవి కావు. గాలిని టైర్ల మీదకు, ఇంజిన్ కిందకు పోకుండా పక్కకు తప్పించడానికి పెట్టినవి. నా బండికి ఒక సర్వీసు తర్వాత ఆ షీటు వెనక అంచు క్లిప్పులు రెండు పెట్టకుండానే ఇచ్చేశారు. అది గాలికి గొడుగులా కిందికి సాగి, వేగంలో టపటపా కొట్టుకుంటుంటే గానీ నాకు తెలియలేదు. కొత్త అండర్‌బాడీ ప్యానెల్ కొనడం గురించి ఆలోచించేముందు, ఉన్నవి ఉన్నచోట ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది.

బ్రేకులు కూడా అంతే. బ్రేకు పెద్దగా తొక్కకుండా కొంతదూరం వెళ్లి, ఆగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, లోహాన్ని ముట్టుకోకుండా కాస్త ఎడంగా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసి ఉందన్నమాట. దాన్ని అలాగే ఉంచుకుని మంచి టైర్లు కొన్నా ఫలితం కనిపించదు.

టైర్లు: డబ్బు పెడితే ఇక్కడే పెట్టండి

కొనే వస్తువుల్లో నేను మొదటి ఓటు వేసేది తక్కువ దొర్లుడు నిరోధం (దొర్లేటప్పుడు వెనక్కి లాగే బలం) ఉన్న టైర్లకు. దొర్లుడు నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుందన్నది అందరూ ఒప్పుకునే లెక్క. ఒకే సైజులో రెండు టైర్ల మధ్య 20 శాతం తేడా ఉండటం మామూలే. అంటే 2 నుంచి 4 శాతం ఆదా, ఊళ్లోనూ హైవే మీదా రెండుచోట్లా.

కానీ ఎప్పుడు మార్చాలన్నది ముఖ్యం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 15 ఇస్తుంటే 1000 లీటర్లు తాగుతుంది. 3 శాతం అంటే 30 లీటర్లు. మంచి దశలో ఉన్న టైర్లను పీకేసి కొత్త సెట్టు వేయించుకుంటే ఈ 30 లీటర్లతో ఆ ఖర్చు రావడానికి ఏళ్లు పడుతుంది. అదే ఎలాగూ టైర్లు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడైతే, రెండు రకాల మధ్య ధర తేడా ఒక్కటే లెక్కలోకి వస్తుంది, అది త్వరగానే వచ్చేస్తుంది. ఇంకో విషయం, అరిగిన టైరు కొత్తదాని కన్నా తేలికగా దొర్లుతుంది. కాబట్టి కొత్త టైర్లు వేసిన మొదటి వారంలో మైలేజ్ తగ్గితే మోసపోయామని కంగారు పడక్కర్లేదు.

యూరప్‌లో అమ్మే టైర్ల మీద ఇంధన పొదుపుకు ఎ నుంచి ఇ దాకా ఒక అక్షరం, తడి రోడ్డు మీద పట్టుకు మరో అక్షరం ఉంటాయి. మీరున్నచోట ఆ లేబుల్ లేకపోయినా అదే మోడల్, అదే సైజు అక్కడ అమ్ముతుంటే చూసి పోల్చుకోవచ్చు. తడి పట్టు అక్షరం ఎలా ఉందో చూడకుండా మాత్రం కొనకండి. వానలో బ్రేకు వేసినప్పుడు రెండు మీటర్లు ముందుకు జారే టైరు ఎంత పొదుపు చేసినా నాకు వద్దు.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. ఎస్‌యూవీ గంభీరంగా కనబడాలని పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు వేస్తారు. వెడల్పు పెరిగితే గాలికి అడ్డు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. గరుకు కట్టలున్న ఆఫ్‌రోడ్ టైర్లయితే ఇంకా బరువుగా దొర్లుతాయి. మీ మోడల్‌కే కంపెనీ రెండు రిమ్ము సైజులు ఇస్తుంటే, హైవే మైలేజ్ కావలసినవాళ్లు చిన్నది ఎంచుకోవడమే మేలు.

దీనిలోనే ఒక లెక్కల చిక్కు ఉంది. 215/60 ఆర్16 టైరు వ్యాసం సుమారు 664 మిల్లీమీటర్లు. 215/65 ఆర్16 వేస్తే 686 అవుతుంది, 3.2 శాతం ఎక్కువ. అప్పటి నుంచి ఓడోమీటర్ నిజంగా తిరిగిన 103 కిలోమీటర్లను 100గా చూపిస్తుంది. స్పీడోమీటర్ కూడా అంతే తక్కువ చెబుతుంది. మైలేజ్ పడిపోయిందని మీరు బాధపడుతుంటారు, అందులో మూడు శాతం ఉత్త లెక్క తేడా. చిన్న టైరు వేస్తే దీనికి తిరగబడి, లేని ఆదా కనబడుతుంది. ఆదా వచ్చిందని సంబరపడే చాలామంది దగ్గర నేను మొదట అడిగేది టైరు సైజు మార్చారా అనే.

గాలి ఒత్తిడి విషయానికొస్తే, దాని నుంచి అద్భుతాలు ఆశించకండి. ఒక్కో పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) తగ్గినప్పుడు పోయేది 0.2 శాతం. ఐదు పీఎస్‌ఐ తగ్గితే 1 శాతం. అయినా టైరు వేడెక్కి పగిలే ప్రమాదం కోసమైనా చూసుకోవాలి. చాలా బండ్లలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రెండు అంకెలుంటాయి, ఒకటి మామూలు బరువుకు, ఇంకోటి నిండు బరువుకు. హైవే ప్రయాణానికి నేను రెండోది పెడతాను, టైరు చల్లగా ఉన్నప్పుడు. దానికి పైన ఇంకా కొట్టిస్తే మైలేజ్ పిసరంత పెరగొచ్చేమో గానీ టైరు మధ్యలో అరుగుతుంది, రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అంత ఆశ వద్దు.

గాలిని మళ్లించే భాగాలు

ఇది సరదా ఉన్నవాళ్ల దారి. ఫలితం ఉంటుంది, కానీ ఓపిక కావాలి. ముందు మీ బండి మీద గాలి ఎలా పారుతోందో కళ్లతో చూడండి. దీనికి యంత్రాలు అక్కర్లేదు. ఉన్ని దారాన్ని జానెడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఒక చివర టేపుతో కప్పు వెనక అంచు మీద, వెనక అద్దం మీద, పక్కల మీద వరుసగా అంటించండి. ఇంకొకరు నడుపుతుంటే మీరు పక్క వరుసలో వెళ్లే మరో బండిలోంచి వీడియో తీయండి. గాలి అంటిపెట్టుకుని పారుతున్నచోట దారాలు దువ్విన జుట్టులా వెనక్కి పడుకుని ఉంటాయి. నేను చూసినప్పుడు కప్పు మీదవన్నీ బుద్ధిగా పడుకున్నాయి, వెనక అద్దం మీదవి మాత్రం కొన్ని పైకి, కొన్ని ముందుకు కూడా గింజుకుంటూ పిచ్చిగా ఎగిరాయి. ఎస్‌యూవీ ఇంధనం తాగడానికి పెద్ద కారణం ఆ వెనక సుడే. అక్కడ ఒత్తిడి తగ్గి బండిని వెనక్కి లాగుతూ ఉంటుంది.

కప్పు చివర అంటించుకోమని చిన్న చిన్న చేప రెక్కల్లాంటివి అమ్ముతారు. వెనక అద్దం ఏటవాలుగా దిగే కార్లలో గాలి అంటుకుని ఉండటానికి అవి పనికొస్తాయి. నిటారుగా తెగిపోయే ఎస్‌యూవీ వెనక భాగానికి వాటితో ఒరిగేది లేదు, అంచు దగ్గర గాలి ఎలాగూ విడిపోవాల్సిందే. కప్పు రేఖను కాస్త కిందికి వంచుతూ పొడిగించే స్పాయిలర్ అయితే కొంత నయం. మీ మోడల్‌లోనే ఖరీదైన రకానికి కంపెనీ అలాంటిది ఇస్తుంటే దాన్నే తెచ్చుకోండి. లుక్కు కోసం పైకి లేచి నిలబడే స్పాయిలర్లు పనికిరావు.

ముందు గ్రిల్ మూసే పద్ధతి చవక, అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. రేడియేటర్‌లోకి దూరే గాలి ఇంజిన్ గదిలో నానా తిప్పలు పడి కింది నుంచి బయటికొస్తుంది, దానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే ఇప్పుడు చాలా కంపెనీలు అవసరం లేనప్పుడు తమంతట తామే మూసుకునే గ్రిల్ షట్టర్లు పెడుతున్నాయి. మీ బండికి అవి ఉంటే ఈ పని మర్చిపోండి. లేకపోయినా టార్చి వేసి చూడండి, పెద్ద గ్రిల్‌లో సగం ఉత్త ప్లాస్టిక్ అలంకారమే కావచ్చు, ముందే మూసి ఉంటుంది.

నేను ఒక చల్లని కాలంలో పై భాగం మాత్రం మూసి చూశాను. పర్వాలేదు అనిపించింది. ఎండలు ముదిరాక ఒక పొడవాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరగడం మొదలైంది, ఏసీ చల్లదనం తగ్గింది. ఫ్యాను అలా తిరిగితే మిగిల్చింది కాస్తా అదే తినేస్తుంది. అక్కడే ఆగి తీసేశాను. డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లును నమ్ముకోవద్దు, చాలా బండ్లలో అది కొంత పరిధి వరకు మధ్యలోనే కదలకుండా ఉండేలా చేస్తారు. బండి కంప్యూటర్ నుంచి అసలు అంకె తీసి చూపించే ఓబీడీ రీడర్ పెట్టుకున్నాకే ఈ ప్రయోగం చేయాలి. టర్బో ఇంజిన్ అయితే చాలా బండ్లలో కింది భాగంలో ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) ఉంటుంది, దాని ముందు అడ్డు పెట్టకండి. కంపెనీ గుర్తు వెనక రాడార్ సెన్సర్ ఉంటే దాన్నీ కప్పకూడదు.

కింది భాగాన్ని సాఫీగా మూసే ప్యానెళ్లు, ముందు బంపరు కింద వేలాడే ఎయిర్ డ్యామ్ రెండూ ఒకే సమస్యకు రెండు మందులు. డ్యామ్ చవక, బిగించడం తేలిక, కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ రాసుకుంటుంది, కాబట్టి మెత్తటి రబ్బరుదే పెట్టాలి. ప్యానెళ్లు ఎక్కువ కాలం పనిచేస్తాయి, కానీ సైలెన్సర్ పైపు దగ్గర ప్లాస్టిక్ పెడితే కరిగి అంటుకునే ప్రమాదం ఉంది, అక్కడ అల్యూమినియమే వాడాలి. ఈ పనులన్నీ సవ్యంగా కుదిరి గాలి నిరోధం 5 శాతం తగ్గితే, 100 వేగంలో ఇంధనం 2 నుంచి 3 శాతం తగ్గొచ్చు. చేత్తో పని చేయడం ఇష్టమున్నవాళ్లకు తృప్తినిచ్చే ఆదా ఇది. మెకానిక్ చేత చేయించుకుంటే మాత్రం గిట్టదు.

నేను వద్దనేవి

ఎత్తు తగ్గించే స్ప్రింగులు గాలి నిరోధాన్ని కొంచెం తగ్గిస్తాయి, నిజమే. కానీ గుంతల రోడ్డు కోసమే కదా మనం ఎస్‌యూవీ కొన్నది. ఆ కాస్త ఆదా కోసం అసలు గుణాన్నే వదులుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ సంగతి చెప్పక్కర్లేదు, అది మైలేజ్‌కు శత్రువు.

ఈసీయూ రీమ్యాప్ ఎక్కువగా పవర్ కోసం చేసేది. నిలకడగా 90లో వెళ్తున్న బండికి దానివల్ల కలిసొచ్చేది స్వల్పం. వారంటీ పోయే ప్రమాదం, పొగ పరీక్షలో ఇబ్బంది రెండూ ఉన్నాయి. స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. ఇంధనం ఇంజెక్టర్లతో వెళ్లే ఇప్పటి ఇంజిన్లలో మూసుకుపోయిన ఫిల్టరు మార్చినా పికప్ మెరుగవుతుంది తప్ప మైలేజ్ పెద్దగా మారదు, ఎంత గాలి వస్తే దానికి తగ్గ ఇంధనమే కంప్యూటర్ పంపుతుంది కాబట్టి. ఇంధన పైపుకు కట్టే అయస్కాంతాలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌కు ఇస్తామనే డబ్బాలు దగ్గరికి కూడా రానివ్వకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరీక్షిస్తే ఏవో కొద్దిపాటి వాటితో మాత్రమే స్వల్పంగా ఆదా కనిపించింది. ఇంజిన్ ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, చిక్కటిది పోస్తే 1 నుంచి 2 శాతం పోతుంది.

వేగం ముందు ఇవన్నీ ఎంత

ఇక్కడ ఒక నిజాన్ని మీ ముందు పెట్టాలి. పైన చెప్పిన బండినే 100 నుంచి 90కి తగ్గిస్తే దాన్ని వెనక్కి లాగే మొత్తం బలం 14 శాతం తగ్గుతుంది. టైర్లు, ప్యానెళ్లు, గ్రిల్ అన్నీ కలిపినా అంత రావడం కష్టం. దీనికి మనం ఇచ్చేది 300 కిలోమీటర్ల ప్రయాణంలో 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలు ఇవ్వగలిగినవాళ్లకు ఏ మార్పూ అత్యవసరం కాదు. ఇవ్వలేనివాళ్లకు, రోజూ 110, 120లో వెళ్లక తప్పనివాళ్లకే గాలికి సంబంధించిన మార్పులు ఎక్కువ పనికొస్తాయి. ఆ వేగంలో కిటికీలు తెరిచి ఏసీ ఆపడం వల్ల లాభం లేదు, మూసి ఏసీ వేసుకోవడమే నయం.

ఫలితం నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవడం

రెండు మూడు శాతం తేడాను ఒక్క ట్యాంకుతో పట్టుకోలేం. గాలి సాంద్రత 0 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 30 డిగ్రీల దగ్గర దాదాపు పదో వంతు తక్కువ. చలికాలంలో కొలిచి, మార్పు చేసి, ఎండాకాలంలో మళ్లీ కొలిస్తే వాతావరణం ఇచ్చిన ఆదాను మన పనితనం అనుకుంటాం. అందుకే ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, పోనూ రానూ రెండువైపులా, వేగాన్ని నిలకడగా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ పెట్టి కొలవండి. తర్వాత మార్పు చేసి కొలిచి, దాన్ని తీసేసి మూడోసారి కూడా కొలవండి. మూడో అంకె మొదటిదానితో కలిస్తేనే నడిమి అంకెను నమ్మొచ్చు. టైర్లలాంటివి ఇలా విప్పి బిగించలేం కాబట్టి వాటికి ఫుల్ ట్యాంక్ లెక్కలు నెలల తరబడి రాసుకోవడం తప్ప దారి లేదు.

ఇక ఎంపిక. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లు పైన విప్పాల్సింది విప్పి, టైర్లలో గాలి చూసుకుని ఆగిపోవచ్చు. ఎక్కువ దూరం తిరిగేవాళ్లు టైర్లు అరిగే దాకా ఆగి మంచివి వేసుకోండి, అంతవరకు పది కిలోమీటర్ల వేగం తగ్గించి చూడండి. రోజూ హైవే మీదే ఉండి, సెలవురోజు పానా పట్టుకుని బండి కింద దూరడం ఇష్టమున్నవాళ్లు అండర్‌బాడీ పని మొదలుపెట్టొచ్చు. ఇప్పటికే పెద్ద రిమ్ములు వేయించుకున్నవాళ్లకు ఒక మాట, బండితో వచ్చిన పాత చక్రాలు ఇంకా ఉంటే అమ్మేయకండి. వచ్చే దూర ప్రయాణానికి వాటిని తిరిగి బిగించి ఒక ఫుల్ ట్యాంక్ కొలిచి చూడండి.